కబడ్డీ ఆడే గాజువాక అమ్మాయి రగ్బీలో ఇండియాకు ఆడాలంటోంది: అది కెరీర్ అవుతుందా?

గాజువాక నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. కూతురికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడింది. 2025 మహిళల రగ్బీ ప్రపంచకప్ ఫోన్‌లో చూసినప్పటి నుంచి "నేనూ ఇండియాకు రగ్బీ ఆడతాను" అంటోందట. అది కెరీర్ అవుతుందా, ఎన్నేళ్లు ఆడగలరు, డబ్బు ఉంటుందా, దెబ్బలు తగిలితే ఎలా, చదువు మానేయాల్సి వస్తుందా అన్నవి ఆమె సందేహాలు.

నేను ఆంధ్రప్రదేశ్ తరఫున నేషనల్స్‌లో రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రకం) ఆడాను. ఇప్పుడు విశాఖలోనే ఒక కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) పనిచేస్తూ అమ్మాయిలకు కబడ్డీ, రగ్బీ రెండూ నేర్పిస్తున్నాను. అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఆడనివ్వండి. చదువు మాత్రం మాన్పించకండి. అది ఆటకు అడ్డం వస్తుందని కాదు, ఆటను నిలబెట్టేదే అది కాబట్టి. మహిళల రగ్బీలో ఇప్పటిదాకా పెద్ద కెరీర్లన్నీ ఇంకో ఉపాధిని ఆసరా చేసుకునే నిలబడ్డాయి.

మనకు క్రికెట్ అలవాటైంది. 2025 అక్టోబర్‌లో మధురవాడ స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు జరిగాయి, మన ఊరి ఆడపిల్లలు ఎంతమంది వెళ్లి చూశారో! బోర్డు కాంట్రాక్టు, లీగ్ వేలం, యాడ్స్, ఇదే క్రీడాకారిణి జీవితం అని పిల్లల మనసులో పడిపోయింది. రగ్బీని ఆ కళ్లతో చూస్తే రెండేళ్లకే నిరాశ వస్తుంది. అందుకే ఒక నిజమైన కెరీర్‌ను మొదటి నుంచి చివరి దాకా చెబుతాను, ఆమె కూడా చదువుతుంది కదా.

ఎమిలీ స్కారట్ 1990లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పుట్టింది. బాస్కెట్‌బాల్ కూడా బాగా ఆడేది. 16 ఏళ్ల వయసులో అమెరికా నుంచి బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ వస్తే వద్దనుకుంది. 2008లో 18 ఏళ్లకే ఇంగ్లండ్ జట్టులోకి వచ్చింది. అప్పటికి ఇంగ్లండ్‌లో కూడా ఆడవాళ్లకు రగ్బీ జీతం లేదు. బర్మింగ్‌హామ్‌లో ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగం చేస్తూ, మిగిలిన టైంలో ప్రాక్టీస్ చేసుకునేది. 2010 ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 13-10తో ఓడిపోయారు. 2014లో పారిస్‌లో కెనడాను 21-9తో ఓడించి కప్పు గెలిచారు. ఆ 21 పాయింట్లలో 16 స్కారట్‌వే. ప్రపంచ విజేత అయ్యేదాకా ఆమె బతుకు ఉద్యోగం మీదే గడిచింది. ఈ ఒక్క మాట మీ అమ్మాయి చేత రెండుసార్లు చదివించండి.

ఆ గెలుపు తర్వాత ఇంగ్లండ్ రగ్బీ సంఘం 20 మందికి ఫుల్‌టైమ్ కాంట్రాక్టులు ఇచ్చింది. అవి కూడా ఒలింపిక్స్‌లో ఉండే సెవెన్స్ కోసమే. 2016 రియో ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టుకు స్కారట్ కెప్టెన్, నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. 2017 ప్రపంచకప్ తర్వాత 15 మంది ఆటకు ఇచ్చిన కాంట్రాక్టులను రెన్యూ చేయలేదు. 2014లో ప్రపంచకప్ గెలిచిన జట్టు పరిస్థితే అది! మళ్లీ 2019 జనవరిలో 28 మందికి ఫుల్‌టైమ్ కాంట్రాక్టులు వచ్చాయి. ఆ ఏడాదే ఆమె ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2022 నవంబర్‌లో ఆక్లాండ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 34-31తో ఓటమి, దాంతో ఇంగ్లండ్ వరుసగా 30 గెలుపుల రికార్డు ఆగిపోయింది. 2023లో మెడకు ఆపరేషన్ జరిగింది. చాలామంది ఇక అయిపోయిందనుకున్నారు. ఆమె తిరిగొచ్చి 2025లో ఐదో ప్రపంచకప్ జట్టులో ఉంది. ట్వికెన్‌హామ్‌లో 81,885 మంది ముందు ఇంగ్లండ్ కెనడాను 33-13తో ఓడించింది. ఆ తర్వాతి నెలలో ఆట మానేసి కోచింగ్ వైపు వెళ్లింది. మొత్తం 119 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 754 పాయింట్లు. ఇంగ్లండ్ మహిళల జట్టు తరఫున ఇన్ని పాయింట్లు ఇంకెవరూ చేయలేదు.

అంటే 17 ఏళ్ల కెరీర్‌లో మొదటి ఆరేళ్లు జీతం లేదు. ఆ తర్వాత కూడా మధ్యలో తెగి మళ్లీ అతికిన కాంట్రాక్టులే. ప్రపంచంలోనే డబ్బున్న రగ్బీ దేశంలో, అందరికంటే గొప్ప క్రీడాకారిణికి ఇలా జరిగిందంటే, మన దగ్గర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. దీన్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. స్కారట్ స్కూల్ ఉద్యోగం చేయకపోయి ఉంటే 2014 దాకా ఆటలో నిలిచేది కాదు, తర్వాత వచ్చిన మంచి రోజులు చూసేదీ కాదు. నేను చెప్పదలచుకున్నది అదే.

ఆమె ఒక్కతే కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టులోని ఇలోనా మాహర్ నర్సింగ్ డిగ్రీ చదివింది. 2018లో మన దేశపు జట్టుకు కెప్టెన్‌గా ఉన్న పుణె అమ్మాయి వాబీజ్ భరూచా ఫిజియోథెరపిస్ట్. 1991లో వేల్స్‌లో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచకప్‌ను లండన్‌లోని ఒక క్లబ్‌కు చెందిన నలుగురు ఆడవాళ్లు, తమ ఉద్యోగాలు చేసుకుంటూనే నిలబెట్టారు. సోవియట్ జట్టు చేతిలో డబ్బు లేక, వెంట తెచ్చుకున్న సరుకులు అమ్ముకుని రోజులు గడిపిందట. ఆ నలుగురిలో ఒకరైన డెబొరా గ్రిఫిన్ 2025లో ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఈ ఆటను ఆడవాళ్లు ఇలా సొంత కష్టంతో ఇక్కడిదాకా తెచ్చుకున్నారు. ఆ వరసలో మన విశాఖ పిల్ల ఎందుకు ఉండకూడదు?

ఇక మన దేశం సంగతి. 15 మంది ఆడే మహిళల ఫిఫ్టీన్స్‌లో ఇండియా తొలిసారి ఆడింది 2018లో, సింగపూర్‌లో. ఆడిన రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. మరుసటి ఏడాది జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో అదే సింగపూర్ జట్టును 21-19తో ఓడించి ఫిఫ్టీన్స్‌లో తొలి అంతర్జాతీయ విజయం సాధించారు. ఆ గెలుపులో కీలకమైన పెనాల్టీ కొట్టిన సుమిత్రా నాయక్ ఒడిశా అమ్మాయి, భువనేశ్వర్‌లో గిరిజన పిల్లలు చదివే కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో రగ్బీ నేర్చుకుంది. అదే జట్టులోని బిహార్ అమ్మాయి స్వీటీ కుమారి మొదట పరుగు పందాల్లో ఉండేది, తర్వాత రగ్బీకి వచ్చింది. ఆ ఏడాది మహిళల రగ్బీ కోసమే నడిచే ఒక అంతర్జాతీయ వెబ్‌సైట్ ఆమెను ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. వీళ్లెవరూ పెద్ద నగరాల్లో ఖరీదైన స్కూళ్లలో చదివిన పిల్లలు కారు.

కానీ మన జట్టుకు ఏడాదిలో దొరికే అంతర్జాతీయ మ్యాచ్‌లు చాలా తక్కువ. క్రికెట్‌లోలా బతుకు గడిచేంత బోర్డు కాంట్రాక్టులు లేవు. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో కూడా జట్టు ఉంది, కానీ తొలి సీజన్ మగవాళ్లకే. ఆడపిల్లలకు కూడా అలాంటిది రావాలి. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. అయినా వస్తుందని నమ్మి చదువు పక్కన పెట్టమని మాత్రం ఏ తల్లికీ చెప్పలేను.

ప్రపంచకప్‌లో మీ అమ్మాయి చూసింది 15 మంది ఆట, 80 నిమిషాలు. మన దేశంలో ఆమె ఎక్కువగా ఆడబోయేది ఏడుగురి సెవెన్స్. మైదానం అదే సైజు, సగానికి 7 నిమిషాలు. చూడ్డానికి చిన్న ఆటలా ఉంటుంది గానీ అంత పెద్ద మైదానాన్ని ఏడుగురే కాయాలి, రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు పడతాయి. ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్, మన నేషనల్ గేమ్స్, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్, అన్నిట్లో ఉండేది సెవెన్సే. కాబట్టి మొదట పరుగు మీద దృష్టి పెట్టాలి. ఫిఫ్టీన్స్‌లో అయితే ఒళ్లు బరువున్న పిల్లకూ చోటుంది. రెండు జట్లు ఒకరినొకరు పట్టుకుని బంతి కోసం తోసుకునే స్క్రమ్‌లో ముందు వరసలో నిలబడే ప్రాప్‌లకు బలమే ఆస్తి. "లావుగా ఉంది, నీకు ఆటలేంటి" అని వెనక్కి పంపేసిన పిల్లలు నా దగ్గర ఎంత బాగా ఆడారో చెప్పలేను.

కబడ్డీ నుంచి రావడం మీ అమ్మాయికి పెద్ద లాభం. న్యూజిలాండ్ క్రీడాకారిణి పోర్షియా వుడ్‌మన్ కూడా నెట్‌బాల్ వదిలి 2012లో సెవెన్స్‌కు వచ్చి, తర్వాత రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. మన కబడ్డీ పిల్లలకు ఎదుటి మనిషిని పట్టుకోవాలంటే భయం ఉండదు, కింద పడితే లేవడం తెలుసు, కాళ్ల కదలిక చదవడం తెలుసు. బయటి నుంచి వచ్చిన పిల్లలకు ఇవి నేర్పడానికి నెలలు పడుతుంది. అయితే కబడ్డీలోని కొన్ని అలవాట్లు రగ్బీలో ప్రమాదం, వాటిని మొదటి రోజు నుంచే మాన్పించాలి.

మొదటిది డాష్. రైడర్‌ను భుజంతో గుద్ది లైను బయటకు తోసేయడం కబడ్డీలో చప్పట్లు కొట్టించే పని. రగ్బీలో చేతులు చుట్టకుండా భుజంతో గుద్దితే ఫౌల్, గట్టిగా తగిలితే కార్డు. రెండోది, పట్టుకున్నాక వదలకపోవడం. కబడ్డీలో పట్టు వదిలితే పాయింట్ పోతుంది. రగ్బీలో ఎదుటి అమ్మాయి నేల మీద పడగానే వదిలేసి పక్కకు తప్పుకోవాలి, లేకపోతే పెనాల్టీ. కబడ్డీ పిల్లలు మొదటి రోజుల్లో ఎక్కువగా విజిల్ ఊదించుకునేది ఇక్కడే. నడుము పట్టి గాల్లోకి ఎత్తి పడేయడం కూడా అంతే, రగ్బీలో అలా తలకిందులుగా పడేస్తే రెడ్ కార్డు పడుతుంది, ఆ పడిన పిల్ల మెడ విరగొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం తల. యాంకిల్ హోల్డ్‌కు (రైడర్ చీలమండ పట్టుకోవడానికి) దూకే పిల్లలు తలను రైడర్ కాళ్ల ముందుకు పెట్టేస్తారు. రగ్బీలో ఎదుటి మనిషి పూర్తి వేగంతో వస్తుంది, తల ఆమె మోకాలికో తుంటికో తగిలితే ఇక చెప్పక్కర్లేదు. తల ఎప్పుడూ ఆమె వెనక వైపు, చెంప ఆమె నడుము కింద ఆనేలా ఉండాలి. భుజం తగలాలి, చేతులు చుట్టుకోవాలి, కాళ్లు నడుస్తూనే ఉండాలి. దీన్ని మొదట మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత నడుస్తూ, ఆ తర్వాతే పరుగెత్తుతూ నేర్పాలి. ఈ వరస పాటించకుండా మొదటి వారంలోనే ఫుల్ స్పీడ్ ట్యాకిల్ (ఎదుటి మనిషిని పట్టి పడేయడం) చేయించే కోచ్ దగ్గర మీ పిల్లను ఉంచకండి. సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా సరే, ఉంచకండి.

దెబ్బల గురించి దాచిపెట్టకుండా చెబుతాను. రగ్బీలో దెబ్బలు తగులుతాయి. ఆడపిల్లలకు మగపిల్లల కంటే మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ గాయాలు ఎక్కువ. ఆపరేషన్ అయితే తిరిగి ఆడటానికి 9 నెలల నుంచి ఏడాది పడుతుంది, ఆ టైంలో ఆమెను నిలబెట్టేది కాలేజీ, స్నేహితులు, ఇల్లు. తొడ వెనక కండరాలు, తుంటి బలంగా ఉంటే, గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా నేర్పితే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. వారానికి మూడు రోజులు, రోజుకు 20 నిమిషాల వామప్ చాలు, దానికి జిమ్ కూడా అక్కర్లేదు. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, మాట తేడాగా ఉన్నా అప్పటికప్పుడు మైదానం బయటకు తీసుకురావాలి. "ఏం కాలేదు మేడమ్, ఆడతాను" అని పిల్లే బతిమాలినా ఒప్పుకోకూడదు. క్లబ్, స్కూల్ స్థాయిలో కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడించకూడదని ప్రపంచ రగ్బీ సంస్థ చెబుతోంది. మౌత్‌గార్డ్ లేకుండా ప్రాక్టీస్‌కు కూడా పంపకండి.

ఇంకోటి, ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను: హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బద్ధకం అని తిట్టిన పిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ ఉంటుంది. తిండికి ఖరీదైన పౌడర్లు కొనక్కర్లేదు. చోడి అంబలి, గుడ్లు, పప్పు, తింటే కానాగంతలు, కవళ్లు లాంటి చేపలు, ఇవి మన ఊళ్లో అందుబాటులో ఉన్నవే. నెలసరి తప్పుతోందంటే తిండికి మించిన ప్రాక్టీస్ జరుగుతోందన్న సూచన కావచ్చు, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, సిగ్గుపడి ఊరుకోకండి.

విశాఖలో ప్రాక్టీస్ ఎలా అంటే, గడ్డి మైదానం దొరకడమే కష్టం. కబడ్డీ మట్టి కోర్టులో రగ్బీ ట్యాకిల్ నేర్పితే చర్మం ఊడిపోతుంది. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో పొడి ఇసుక ఉన్న పైభాగంలో పడటం, లేవడం, ట్యాకిల్ నేర్చుకోవడం మంచిది, దెబ్బ తగలదు. నీళ్ల అంచున ఏటవాలుగా ఉండే తడి ఇసుక మీద దూరాలు పరుగెత్తించకండి, చీలమండ, మోకాలు దెబ్బతింటాయి. చెమట పట్టిందని ఆ సముద్రంలోకి దిగనివ్వకండి, అక్కడ లోపలికి లాగే ప్రవాహాల సంగతి మనందరికీ తెలిసిందే. పాసింగ్‌కు, పరుగుకు యూనివర్సిటీ వైపు మైదానాలో, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ మైదానాలో అడిగి వాడుకోవాలి. గాజువాక నుంచి ఉక్కునగరం దగ్గరే కదా. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత భరించలేనిది, పొద్దున ఆరున్నర తర్వాత గట్టి పని పెట్టుకోవద్దు.

18 నిండేదాకా ఇక్కడే కబడ్డీ, రగ్బీ రెండూ ఆడనివ్వండి. కబడ్డీ అసోసియేషన్‌తో గొడవ పెట్టుకుని ఒకటి వదిలేయాల్సిన పని లేదు. ఆ తర్వాత నిజంగా పైస్థాయి కనిపిస్తే భువనేశ్వర్ వైపు చూడండి. రైల్లో ఆరేడు గంటల దూరం. ఒడిశా, బిహార్ అమ్మాయిలే ఇప్పుడు మన దేశంలో గట్టి పోటీ, వాళ్ల మధ్య ఆడితేనే ఆట పెరుగుతుంది. మన విశాఖ పిల్ల జ్యోతి యర్రాజీ కూడా భువనేశ్వర్‌లో సాధన చేసే 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డులు బద్దలు కొట్టి పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. వాళ్ల నాన్నగారు సెక్యూరిటీ గార్డుగా పనిచేసేవారు. డబ్బున్న ఇల్లు కాదు.

చదువు విషయంలో నా సలహా, ఆటతో పొత్తు కుదిరే కోర్సు ఎంచుకోమనండి. ఫిజియోథెరపీ, బీపీఈడీ, లేదా మామూలు డిగ్రీ చేసి పోలీస్ ఉద్యోగానికి ప్రిపేర్ అవడం, ఇవన్నీ ఆటతో కలిసి నడుస్తాయి. డిగ్రీలో చేరితే ఇంటర్ యూనివర్సిటీ పోటీల దారి కూడా తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. బిహార్‌లో అయితే అంతర్జాతీయ పతకం తెస్తే నేరుగా ఉద్యోగం ఇచ్చే పథకమే ఉంది, అక్కడి రగ్బీ అమ్మాయిల పట్టుదలకు అదీ ఒక కారణం. ప్రతి టోర్నీ సర్టిఫికెట్ మీద పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. తేడా ఉంటే కోటాలో పనికిరాక ఏడ్చిన పిల్లల్ని చూశాను. స్పోర్ట్స్ కోటా జీవోలో ఏ ఆటకు ఏ స్థాయి సర్టిఫికెట్ చెల్లుతుందో స్పోర్ట్స్ అథారిటీ ఆఫీసులో ముందే అడిగి రాసిపెట్టుకోండి.

ఎన్నేళ్లు ఆడుతుందంటారా, 18 నుంచి 21 మధ్య సీనియర్ క్యాంప్‌కు చేరితే, గాయాలు దయ తలిస్తే, 30 దాటేదాకా ఆడొచ్చు. మైదానం అంచున వింగ్‌లో పరుగెత్తేవాళ్ల కాళ్లు ముందు అలిసిపోతాయి, ప్రాప్‌లు ఇంకొంత కాలం ఉంటారు. ఈ మధ్యలోనే ఇంట్లో పెళ్లి మాట వస్తుంది. నల్లబడిపోయింది, మగరాయుడిలా ఆ ఆటలేంటి, పరాయి దేశపు ఆట మనకెందుకు అనే చుట్టాలు తప్పకుండా వస్తారు. పరాయి ఆట అనేవాళ్లకు ఒకటి చెప్పండి: ఇంగ్లండ్, స్కాట్లండ్ మగవాళ్ల జట్లు 1879 నుంచి పోటీ పడుతున్న కలకత్తా కప్, మన కలకత్తా క్లబ్ మూతపడ్డప్పుడు మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేసింది. మిగతా మాటలకు జవాబు మీరు పిల్ల పక్కన నిలబడటమే. నా దగ్గర మంచి ఆట ఉన్న అమ్మాయిలు మానేసింది దెబ్బల వల్ల తక్కువ, ఇంట్లో ఎవరూ వెనక లేకపోవడం వల్ల ఎక్కువ.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది చెబుతాను. ఆమె కాలేజీ పీడీని కలిసి జిల్లా రగ్బీ ట్రయల్స్ ఎప్పుడో అడగండి. ఒక మౌత్‌గార్డ్, పట్టున్న ఫుట్‌బాల్ స్టడ్ షూస్ కొనండి, బాల్ ఇప్పుడే అక్కర్లేదు. రక్త పరీక్ష చేయించండి. మొదటి ప్రాక్టీస్‌కు మీరు కూడా వెళ్లి గట్టు మీద కూర్చుని, ట్యాకిల్ నేర్పేటప్పుడు తల ఎక్కడ పెట్టమంటున్నారో గమనించండి. అక్కడ తేడా అనిపిస్తే మళ్లీ ఇక్కడ రాయండి, పిల్ల బరువు, ఎత్తు, 40 మీటర్ల పరుగు టైం కూడా రాస్తే ఏ పొజిషన్ సరిపోతుందో నాకు తోచింది చెబుతాను.